అత్తయ్యా, శొంఠి ఎక్కడెట్టారు?

మొగలిలంకలో మంగాయమ్మ గారి వంటింట్లో ఏ డబ్బా తెరిచినా సరే, దాని మీద రాసి ఉన్నది తప్ప మరేదైనా దొరుకుతుంది. బిస్కెట్ల డబ్బాలో కరక్కాయలు ఉంటాయి. పాలపొడి డబ్బాలో ఎండు తులసి ఉంటుంది. ఎప్పుడో కోడలి పుట్టింటివాళ్ళు సున్నుండలు పెట్టి పంపిన స్టీలు క్యానులో నిమ్మగడ్డి, దగ్గుమందు సీసాలో వాము, పౌడరు డబ్బాలో అతిమధురం. ఇవన్నీ అలవాటైపోతే గుర్తు పెట్టుకోవచ్చు. శొంఠి సంగతి అలా కాదు. అది ఒకచోట ఉండేది కాదు. ఇల్లంతా తిరుగుతూ ఉండేది.

ఆవిడ కోడలు గంగాభవాని కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో మధ్యాహ్నం పూట ఒక తంతు నడుస్తూ వచ్చింది. భోజనాలయ్యి, అంట్లు తోమడం అయ్యాక భవాని పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. పెరటి గుమ్మం వైపు తిరిగి కేకేసేది.

"అత్తయ్యా, శొంఠి ఎక్కడెట్టారు?"

పెరటి మెట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న మంగాయమ్మ వెనక్కి తిరిగి చూడకుండానే జవాబిచ్చేది.

"నీ కళ్ళెదురుగానే ఉంది గదే."

"కళ్ళెదురుగా ఉంటే మిమ్మల్నెందుకు అడుగుతానండీ."

"అడక్కపోతే నీకు తోచదు. కిటికీలో సూడు."

"కిటికీలో మెంతుల డబ్బా ఉంది."

"అందులో సూడు మరి."

"అందులో మీ కళ్ళజోడుంది."

"అదిగో, పొద్దున్నించీ దానికోసమే కాళ్ళరిగేలా తిరుగుతున్నాను. ఇలాతే."

చివరికి శొంఠి ఏ ఉప్పు జాడీ వెనకో దొరికేది. నిమ్మగడ్డి, తులసి, శొంఠి ముక్క, చిన్న బెల్లం గడ్డ వేసి బాగా మరిగించి, రెండు గ్లాసుల్లో పోసుకుని, అత్తాకోడళ్ళిద్దరూ ఒకే మెట్టు మీద కూర్చుని ఊదుకుంటూ తాగేవారు. శొంఠి ఎక్కువైందని ఒకరు, బెల్లం తక్కువైందని ఒకరు. వీధిన పోయేవాళ్ళు ఆ ఇంట్లో రోజూ గొడవేనని అనుకునేవారు. మొదట్లో భవాని కూడా అలాగే అనుకుంది. తర్వాత తర్వాత ఆవిడకి ఆ కేక వేయందే పగలు సగం అయినట్టు ఉండేది కాదు.

ఇలా ఉండగా రాజధానిలో ఒక పెద్ద అధికారికి ఒకరోజు ఉదయం గొంతు గరగరలాడింది. తులసి టీ తాగుదామనుకున్నారు. ఇంట్లో తులసి టీ సంచుల పొట్లం ఉందని ఆయనకు తెలుసు, ఎక్కడుందో తెలియదు. ఫ్రిజ్జు మీద చూశారు, పుస్తకాల వెనక చూశారు, వెతికి వెతికి కాఫీ తాగేసి ఆఫీసుకు బయల్దేరుతుంటే చెంచాల సొరుగులో కనబడింది. ఆ కోపం ఆయన ఇంట్లో చూపించలేకపోయారు. ఆఫీసులో చూపించారు.

ఆ విధంగా గృహ మూలికా పానీయ క్రమబద్ధీకరణ విభాగం పుట్టింది. ఆయనే దానికి ప్రధాన క్రమాధికారి అయ్యారు. మొదటి ఉత్తర్వు ఇలా మొదలైంది: "ప్రజల అనారోగ్యమునకు కారణము మూలికలు లేకపోవుట కాదనియు, ఉన్న మూలికలు ఎక్కడున్నవో తెలియకపోవుటయే అనియు విభాగము గుర్తించినది."

గుర్తించాక ఊరుకోవడం ఉండదు కదా. మొగలిలంకను తొలి విడతలో చేర్చారు.

పక్కింటి జలజకు డిగ్రీ అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం అది. అరల సమన్వయకర్త. మెడలో కార్డు వేసుకుని, తళతళలాడే ప్లాస్టిక్ అరల పెట్టె ఒకటి రెండు చేతులా పట్టుకుని వచ్చింది. దాన్నిండా చిన్న చిన్న గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో మూలిక పేరుతో కాగితం కవర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అతిమధురం మొదట్లో, శొంఠి చివర్లో. ఒక్కో కవరులో ఒక్కో టీ సంచి.

మంగాయమ్మ ఒక కవరు విప్పి, సంచిని దారంతో పైకెత్తి చూసింది.

"ఇదేంటే జలజా, చీమకి ఉయ్యాల కట్టినట్టుంది."

"టీ సంచి మామ్మా. ఇందులో శొంఠి పొడుంటది. వేణ్ణీళ్ళలో ముంచి తీసేత్తే టీ అయిపోద్ది."

"మరగబెట్టక్కర్లేదా."

"అక్కర్లేదు."

"బెల్లం."

"అదీ అక్కర్లేదంట."

"సరే, ఒకటి ముంచు. సూద్దాం."

జలజ గబుక్కున సంచి లాక్కుని కవరులో పెట్టేసింది. "తాగటం రెండో దశ మామ్మా. ఇది మొదటి దశ. అమర్చుకోటం."

"రెండోది ఎప్పుడంట?"

"మొదటిది అయ్యాకంట."

"మొదటిది ఎప్పుడవుద్ది?"

జలజ తన దగ్గరున్న కాగితాలన్నీ తిరగేసింది. "ఆ ఆర్డరు ఇంకా రాలేదు మామ్మా."

అంతటితో అయిపోతే బాగానే ఉండేది. అర పక్కన విడి మూలికలు ఉండకూడదట. వాటికి కవర్లు లేవు, వరస లేదు. కాబట్టి ఉత్తర్వు ప్రకారం అవి క్రమరహిత మూలికలు. వాటిని పంచాయతీ ఆఫీసులో అప్పగించాలి. పథకం అయ్యేదాకా క్రమం తప్పకుండా ఉన్న ఇళ్ళకు తిరిగి ఇస్తారు. తప్పిన ఇళ్ళకు ఇవ్వరు.

జలజ తల వంచుకుని గోనెసంచి విప్పింది. చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆ టీ తాగి పెరిగిన పిల్ల. ఒక్కో డబ్బా ఒంపుతుంటే వంటిల్లంతా ఘుమఘుమలాడింది. కాలవగట్టు మీద మంగాయమ్మ తన చేత్తో కోసి నీడన ఎండబెట్టుకున్న నిమ్మగడ్డి, దొడ్లో తులసి, ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకున్న కరక్కాయలు, అన్నీ గోనెలోకి పోయాయి. శొంఠి మాత్రం దొరకలేదు.

"మామ్మా, శొంఠి ఎక్కడుంది?"

"నాకేం తెలుసు. నీ కళ్ళెదురుగానే ఉండుంటది," అంది మంగాయమ్మ.

భవాని వెతికి అటక మీద చేటలోంచి తీసి ఇచ్చింది. ఇవ్వకుండా ఉండాల్సిందని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది.

జలజ తర్వాత వంటింటి డబ్బాలన్నిటికీ అచ్చువేసిన చీటీలు అంటించింది. ఆవాల డబ్బాకు ఆవాలు, కందిపప్పు డబ్బాకు కందిపప్పు. ఖాళీ డబ్బాలు పేరు లేకుండా ఉండకూడదు కాబట్టి వాటికి కూడా ఉన్నాయి. "తులసి: లేదు." "నిమ్మగడ్డి: లేదు." "శొంఠి: లేదు."

మర్నాడు మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యింది. భవాని అలవాటు ప్రకారం గుమ్మం వైపు తిరిగి నోరు తెరిచింది. అడగడానికి ఏమీ లేదు. ఏది ఎక్కడుందో గోడలన్నీ చెబుతున్నాయి. శొంఠి లేదని కూడా చెబుతున్నాయి. నోరు మూసుకుని లోపలికి వెళ్ళి పడుకుంది. నిద్ర పట్టలేదు.

నాలుగు రోజులు గడిచేసరికి మంగాయమ్మ వంటింట్లోకి రావడం మానేసింది.

"కూరలో మెంతులెయ్యనా అత్తయ్యా?" అని భవాని కల్పించుకుని అడిగింది.

"నన్నడుగుతావేంటి. చీటీలున్నాయి గదా," అని ఆవిడ చాప వాల్చుకుంది.

అన్నం దగ్గర కూడా మాట తగ్గింది. ఇంట్లో గొడవ లేదు, కేకలు లేవు. వీధిన పోయేవాళ్ళు, పాపం అత్తాకోడళ్ళు కలిసిపోయినట్టున్నారని చెప్పుకున్నారు. భవానికి మాత్రం ఇంట్లో ఎవరో ఊరెళ్ళినట్టుగా ఉండేది.

ఆ సమయంలోనే ప్రధాన క్రమాధికారి గారి కింద పనిచేసే క్రమాధికారి పద్మనాభం గారు పరిశీలనకు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వాసన చూస్తున్నట్టు ముక్కు ఎగబీలుస్తూ ఉండే మనిషి.

"ఈ గృహమునందు లబ్ధిదారు ఎవరు?"

"నేనేనండి," అంది మంగాయమ్మ. "నాకేం దొరికిందండి?"

"లబ్ధి," అన్నారు పద్మనాభం గారు. తర్వాత వంటింటి మధ్యలో నిలబడి గాలి పీల్చారు. "ఇచ్చట పోపు పెట్టబడుచున్నదా?"

"ఆయ్. రోజూ పెట్టబడతందండి."

"ఇంగువ వాసన అరలోనికి ప్రవేశించినచో పుదీనా తన స్వభావమును కోల్పోవు ప్రమాదము కలదు. పోపును గృహము వెలుపలకు తరలించవలెను."

పొయ్యి పెరట్లోకి వెళ్ళింది, మెట్టు పక్కన రేకు కిందకి. మళ్ళీ వచ్చినప్పుడు ఆయన వంటింటి గోడ తడిమి చెమ్మ ఉందన్నారు. అర నడిమింట్లోకి వచ్చింది. నడిమింటి కిటికీలోంచి ఎండ పడుతోందన్నారు. కిటికీ మూసేశారు. మూస్తే ఉక్కగా ఉందన్నారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫాను అక్కడే ఉంది కాబట్టి దాన్ని పగలూ రాత్రీ ఆపకూడదన్నారు. చివరికి గదిలో కాసేపు నిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు తన నోటికి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"ఈ గదిలో ఎవరైనా నిద్రించుచున్నారా?"

"మా ఆయనండి," అంది భవాని.

"నిద్రలో శ్వాస ద్వారా తేమ విడుదల అగును."

భవాని భర్త సత్తిరాజు కొబ్బరికాయల వ్యాపారం చేస్తాడు. మాటలు తక్కువ మనిషి. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే ఆయన మంచం వసారాలో కాయల కుప్ప పక్కన ఉంది. నడిమింటి తలుపు వేసి ఉంది. లోపల ఫాను తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

"లోపలెవరున్నారు?" అని అడిగాడు.

"టీ అండి."

సత్తిరాజు కాసేపు ఆలోచించాడు. "పడుకుందా?"

"మీరు మెల్లిగా మాటాడండి," అంది భవాని.

ఇంటికి ఆదర్శ అర గృహం అని బోర్డు వచ్చింది. దాన్ని గేటుకు బిగించారు. పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చి, గుమ్మం బయటే నిలబడి, ఊపిరి బిగబట్టి అరను చూసి వెళ్ళారు. ఒకావిడ దండం పెట్టుకుంది కూడా.

ఒకరోజు మధ్యాహ్నం వానపడుతూ ఉంటే భవాని పెరట్లోకి వచ్చింది. మంగాయమ్మ రేకు కింద మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కనే రెండు ఖాళీ గ్లాసులు బోర్లించి ఉన్నాయి. అలవాటుకొద్దీ తెచ్చి పెట్టుకున్నట్టుంది. తెచ్చాక ఏం చేయాలో తోచక బోర్లించినట్టుంది.

భవాని చప్పుడు కాకుండా నడిమింట్లోకి వెళ్ళి, శొంఠి గడిలో అన్నిటికన్నా వెనకున్న కవరు ఒకటి తీసి, కొంగులో దాచుకుని వచ్చింది. పొయ్యి పక్కనే ఉంది. నీళ్ళు మరిగాయి. సంచి ముంచింది.

మంగాయమ్మ చూసింది. అడ్డు చెప్పలేదు. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, వాన వైపు చూస్తూ నాలుక చప్పరించింది.

"ఏంటిది?"

"శొంఠి అండి. కవరు మీద అలాగే ఉంది."

"శొంఠి ఈ వీధినించి నడిచెళ్ళినట్టుంది అంతే. ఇంకోటి ముంచు."

"లెక్క తెలిసిపోద్దండి."

"బెల్లమైనా వెయ్యి."

"ఎయ్యకూడదంటన్నారు గదండీ."

"తాగకూడదని కూడా అన్నారు గదే. దొంగతనంలో చప్పిడి పత్యం ఎందుకు?"

"మీరే గదండీ బెల్లం ఎక్కువైతే దగ్గొత్తాదంటారు."

"నేనెప్పుడన్నాను?"

"నిన్నగాక మొన్న అన్నారు."

వాన వెలిసేదాకా ఆ మాట తెగలేదు. ఇన్నాళ్ళకు మళ్ళీ ఆ పెరట్లో కేకలు వినబడ్డాయి. గోడ అవతల జలజ పుస్తకం పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుని, ఏమీ వినలేదని గట్టిగా నిర్ణయించుకుంది.

మిగిలింది ఖాళీ అయిన కవరు. గడిలో వరస తప్పితే ఇల్లు క్రమం తప్పినట్టే, గోనెలో ఉన్న మూలికలు ఇక రానట్టే. భవాని ఖాళీ కవరు పట్టుకుని అటూ ఇటూ చూసింది. మంగాయమ్మకు అటువంటి కంగారు ఏమీ లేదు. ఆవిడ జన్మలో ఏ వస్తువునూ ఒకసారి వాడి పారేసిన మనిషి కాదు. వాడిన సంచిని వేళ్ళతో పిండి, బట్టల తీగకు క్లిప్పు పెట్టి ఆరేసింది. ఎండాక కవరులో పెట్టింది. కవరు నోటికి ఒక అన్నం మెతుకు రాసి, బొటనవేలితో అదిమి, గడిలో దాని చోట్లో నిలబెట్టింది.

"ఉంది గదా," అంది.

"ఉందండి," అంది భవాని.

నిజంగానే ఉంది. వరస తప్పలేదు. ఆ తర్వాత ఏ మధ్యాహ్నమూ వాళ్ళు మానలేదు. శొంఠి గడి అయ్యాక తులసి గడి, తులసి అయ్యాక నిమ్మగడ్డి. మొదటి గడికి మళ్ళీ వచ్చేసరికి సంచుల్లో రుచి పోయి, రంగు కూడా పోయింది. అప్పుడు ఉత్త వేడినీళ్ళలో బెల్లం వేసుకుని తాగుతూ, అందులో ఏది ఎక్కువైందో వాదించుకునేవారు.

ఒకనాడు ఏ కబురూ లేకుండా పద్మనాభం గారు పెరటి దారిన వచ్చేశారు. తీగ మీద టీ సంచులు బారుగా వేలాడుతున్నాయి. గాలికి ఊగుతున్నాయి.

"ఇదేమిటి?"

మంగాయమ్మ లేవలేదు. "గాలాడతాయని ఏసేను బాబూ. పాపం పెట్టెలో ఉక్కపోసి చత్తన్నాయి. మనుసులకైతే వసారా ఉంది."

పద్మనాభం గారు తీగ చివరి నుంచి చివరి దాకా నడిచారు. ఒక సంచిని దగ్గరగా చూశారు. గోధుమరంగు మరక కట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు పీల్చారు. ఆయన ముఖంలో ఏదో వెలుగు కనబడింది. అది అనుమానమో ఆనందమో భవానికి అర్థం కాలేదు.

"వాయు సంస్కారము," అన్నారు చివరికి. "ఈ వర్ణము పరిపక్వతకు చిహ్నము. విభాగమునకు ఇంతవరకు ఎవరును సూచించని విధానము."

వారం తిరగకుండా ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో ప్రతి ఇల్లూ గురువారం నాడు తన టీ సంచులను తీగ మీద ఆరవేయవలెను. పరిపక్వ వర్ణము రాని సంచులు గల గృహములపై చర్య తీసుకొనబడును.

మొగలిలంక జనం ఆ ఉత్తర్వును ఒకటికి రెండుసార్లు చదివించుకుని విన్నారు. సంచి పరిపక్వం కావాలంటే ఏం చేయాలో జలజ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఆ గురువారం మాత్రం ఊరంతా ఇంటింటా నీళ్ళు మరిగిన ఆవిరి లేచింది. సాయంత్రానికి ఏ దొడ్లో చూసినా బట్టలతో పాటు గోధుమరంగు సంచులు తోరణాల్లా ఊగాయి. ఆ మర్నాడు ఏ ఇంట్లోనూ అన్నం మెతుకు వృథా కాలేదు.

ఈ ఖ్యాతి రాజధానికి చేరింది. రెండో దశను మొగలిలంకలోనే ప్రారంభిస్తామని, ఆదర్శ గృహపు అరలోంచి ప్రధాన క్రమాధికారి గారు స్వహస్తాలతో ఒక సంచి తీసి, తొలి కప్పు తాగుతారని కబురొచ్చింది.

ఆ మాట విన్నాక భవాని అన్నం తినలేదు. "అత్తయ్యా, ఒక్కటైనా కొత్త సంచి మిగిలిందా మనకి?"

"ఎక్కడిదే. పుదీనా కూడా ఎప్పుడో నువ్వే తీసేవు."

"మీరడిగితే తీసేను."

"నేనడిగితే గెడ్డి తింటావా?"

"ఆయనకి తెలిసిపోతే గోనె రాదండి. ఇంకెప్పటికీ రాదు. మీ నిమ్మగడ్డి, మీ కరక్కాయలు..."

మంగాయమ్మ రెండు గ్లాసులూ తనే కడిగి బోర్లించింది.

ఆ రోజు షామియానా వేశారు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. దాని మధ్యలో అరను తెచ్చి పెట్టారు. పక్కనే ఒక టేబుల్ ఫాను అర వైపు తిప్పి పెట్టారు. ప్రధాన క్రమాధికారి గారు చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు. పంచాయతీ ఆఫీసులోంచి తెచ్చిన మంగాయమ్మ గోనెసంచి కూడా వేదిక కింద ఉంది. రెండో దశ సవ్యంగా మొదలైతే అప్పగిస్తారట. భవాని చూపు దాని మీదే ఉంది.

పద్మనాభం గారు ఉపన్యాసం చదివారు. "క్రమమే ఆరోగ్యము, వరుసయే ఔషధము అను నినాదముతో ముందుకు సాగుచున్న విభాగము..." అది చాలాసేపు ముందుకు సాగింది. తర్వాత ప్రధాన క్రమాధికారి గారు లేచి నిలబడ్డారు. అర వైపు చెయ్యి చాచారు. త వరుస, తులసి గడి, మొదటి కవరు. చెయ్యి ఎక్కడా తడుముకోకుండా సూటిగా వెళ్ళి దాన్ని పట్టుకుంది.

"దొరికింది," అన్నారాయన.

కవరును అందరికీ కనబడేలా పైకెత్తారు. అందరూ చప్పట్లు కొట్టారు.

కవరు విప్పమని పద్మనాభం గారి చేతికి ఇచ్చారు. పద్మనాభం గారు కవరు నోరు తడిమారు. బొటనవేలి గోటికి ఎండిన అన్నం మెతుకు తగిలింది. ఆగారు. తల ఎత్తి ముందు వరసలో ఉన్న భవాని వైపు చూశారు. భవాని నేలకేసి చూసింది. పద్మనాభం గారు మెతుకును గోటితో గీకి, నలిపి, చేతులు దులుపుకున్నారు. వేడినీళ్ళ కూజా అందుకునే నెపంతో వంగి, ఆవిడకు మాత్రం వినబడేలా మెల్లిగా అన్నారు.

"మా ఇంట్లో కవర్లకి గంజి రాస్తారమ్మా. మెతుకైతే ఊడదు. మా ఆవిడకి చెబుతాను."

సంచి నీళ్ళలోకి దిగింది. జనం ఊపిరి బిగబట్టారు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ప్రధాన క్రమాధికారి గారు సంచిని పైకీ కిందికీ ఆడించారు. కొంచెంసేపు ఆగి మళ్ళీ ఆడించారు. కప్పు అడుగున ఉన్న పువ్వు బొమ్మ స్పష్టంగా కనబడుతోంది. ఆయన ఒక గుక్క తాగారు.

"బాబూ," అంది మంగాయమ్మ, కూర్చున్న చోటి నుంచే. "బెల్లం ఏమన్నా కావాలాండి?"

భవాని ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ప్రధాన క్రమాధికారి గారు రెండో గుక్క తాగారు. "అక్కర్లేదమ్మా. వెతుక్కోకుండా దొరికిన తులసి తాగడం నాకిదే మొదటిసారి. దీనికి ఇంకేమీ కలపకూడదు." కప్పు ఖాళీ చేసి కింద పెట్టారు. "వాసన లేదు. రంగు లేదు. రుచి లేదు. ఇతర గృహములందు కూడా ఇట్లే ఉండునా?"

"పరీక్షించవచ్చును సార్," అన్నారు పద్మనాభం గారు.

పరీక్షించారు. నాలుగు వీధుల్లోంచి నాలుగు అరలు తెప్పించారు. ఒకదాంట్లో కరక్కాయ, ఒకదాంట్లో వాము, ఒకదాంట్లో మందారం, ఒకదాంట్లో అతిమధురం. నాలుగు కప్పులూ వేడినీళ్ళే. వరసగా తాగుతుంటే ప్రధాన క్రమాధికారి గారి ముఖం విప్పారుతూ వచ్చింది.

"తేడా లేదు," అన్నారు. "కరక్కాయకు, అతిమధురమునకు కూడా తేడా లేదు. ఇంతటి ఏకరూపత నేను ఎక్కడా చూడలేదు."

అప్పటికప్పుడే ఒక నిర్ణయం తీసుకున్నారు. తాగుట వలన గడులు ఖాళీ అయి క్రమమునకు భంగము కలుగును గనుక రెండో దశ రద్దు. ఇంతటి అపురూపమైన అరలను ప్రజల ఇళ్ళలో, పోపుల మధ్య, శ్వాసల మధ్య వదిలివేయుట బాధ్యతారాహిత్యము గనుక వాటన్నిటినీ రాజధానిలోని కేంద్ర అరకు తరలించవలెను. అక్కడ చల్లగది ఉంది. కాపలా ఉంది. ఎవరూ ఊపిరి పీల్చరు.

సాయంత్రానికి వ్యాను వచ్చి ఊళ్ళో అరలన్నీ ఎక్కించుకుంది. గేటుకున్న బోర్డు కూడా విప్పుకుపోయారు. పద్మనాభం గారు గోనెసంచిని స్వయంగా మోయించుకు వచ్చి పెరటి మెట్టు దగ్గర దింపించారు.

"సదరు క్రమరహిత మూలికలు విభాగమునకు అనవసరమైనవిగా నిర్ధారించబడినవి," అని చదివి, కాగితం మడిచి, గోనె వైపు ఒకసారి ముక్కు ఎగబీల్చారు. "మామ్మగారూ, మా ఆవిడకు గొంతు నొప్పి. చిటికెడు శొంఠి ఇప్పించగలరా?"

మంగాయమ్మ గుప్పెడు పొట్లం కట్టి ఇచ్చింది. "ముంచి తీసేత్తే కుదరదని చెప్పండి. మరగాలి."

సత్తిరాజు మంచం మోసుకుని నడిమింట్లోకి వచ్చాడు. ఫాను కింద కాసేపు నిలబడి చూశాడు. "ఎళ్ళిపోయిందా?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పకముందే పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్న భవాని కాలవకు బట్టలు తీసుకుని వెళ్ళింది. ఆవిడ తిరిగి వచ్చేసరికి పొయ్యి మళ్ళీ వంటింట్లో ఉంది. గోనె ఖాళీగా తీగ మీద ఆరుతోంది. డబ్బాలన్నీ నిండుగా బరువుగా ఉన్నాయి. జలజ అంటించిన చీటీలు ఇంకా వాటి మీదే ఉన్నాయి. ఎవరూ పీకలేదు.

మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక భవాని నీళ్ళు పెట్టింది. ఇక వెతుక్కునే పని లేదు. "శొంఠి: లేదు" అని చీటీ ఉన్న డబ్బా తీసి మూత తెరిచింది. నిండా ఆవాలు. "ఆవాలు" డబ్బా తీసింది. కరక్కాయలు. "తులసి: లేదు" లో కందిపప్పు, "కందిపప్పు" లో నిమ్మగడ్డి. ఒక్కటి కూడా దాని చీటీలో లేదు. ఇది పొరపాటున జరిగే పని కాదు. ఎవరో నేల మీద కూర్చుని, పొద్దుటి పూటంతా ఓపిగ్గా, ఒక్కో డబ్బా ఒంపి ఒక్కో డబ్బాలో పోసి ఉండాలి.

భవాని మూతలన్నీ పెట్టేసింది. నీళ్ళు కుతకుతా మరుగుతున్నాయి. పెరటి గుమ్మం వైపు తిరిగింది.

"అత్తయ్యా, శొంఠి ఎక్కడెట్టారు?"

మెట్టు మీద నుంచి జవాబు రావడానికి కొంచెం ఆలస్యమైంది. భవానికి కనబడుతున్నది ఆవిడ వీపు మాత్రమే. ఆ వీపు కదులుతోంది.

"చదువుకున్నదానివి గదే," అంది మంగాయమ్మ. "చీటీలున్నాయి. సూసుకో."

అని, మెట్టు మీద కొంచెం పక్కకు జరిగి కూర్చుంది.